సోకెక్కువైన వ్యాను

ఈ ఉదయం తలకి రాసుకుందామని కొబ్బరినూనె సీసా వంచితే చుక్క రాలేదు. చలికి తెల్లగా గడ్డకట్టుకుపోయింది. సీసాని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని వీధి గుమ్మంలో కూర్చున్నాను. ఎదురింటి ముందు పాలబ్బాయి తన పాత స్కూటరుని తన్నుతున్నాడు. అది దగ్గుతోంది, ఆగుతోంది, మళ్ళీ దగ్గుతోంది. చివరికి గుప్పుమని పొగ వదిలి అంటుకుంది. సగం కాలీ సగం కాలని పెట్రోలు వాసన మంచులో కలిసి నా గుమ్మం దాకా వచ్చింది. అరచేతుల్లో చల్లటి సీసా, ముక్కుకి ఆ వాసన. రెండూ ఒక్కసారి తగిలేసరికి "దొడ్డమ్మా" అని పైకే అనేశాను. ఆవిడ పోయి ఎన్నో ఏళ్ళయింది. అయినా మా అనకాపల్లిలో చలి ముదిరితే నాకు మొదట గుర్తొచ్చే మనిషి ఆవిడే.

దొడ్డమ్మ అంటే మా పెదనాన్నగారి భార్య. పేరు వరహాలమ్మ. మా నాన్నగారూ, పెదనాన్నగారూ ఒకే ఇంట్లో ఉండేవారు. బెల్లం వ్యాపారం. చిన్నతనంలో, బడిలో వేసిన కొత్తలోనే నన్ను ఒక జ్వరం పట్టుకుని వదలక, బడి మానిపించారు. తగ్గాక కూడా మళ్ళీ పంపడానికి ఇంట్లో ఎవరికీ ధైర్యం చాల్లేదు. "బడికి పిల్ల వెళ్ళకపోతే బడే పిల్ల దగ్గరికొస్తుంది" అని దొడ్డమ్మ పీట మీద బియ్యప్పిండి పరిచి, నా వేలు పట్టుకుని 'అ' దిద్దించింది. నాకు వచ్చిన అక్షరమ్ముక్క ఆవిడ పెట్టిన భిక్ష. ఆవిడకి పెద్ద చదువేం లేదు. వంటింటి పక్క గదిలో దేవుడికి దీపం పెట్టి, ఆ వెలుగులోనే నాకు పాఠం చెప్పేది. అందుకేనేమో, నాకు చదువూ పూజా ఎప్పుడూ వేరువేరుగా తోచలేదు.

ఆవిడకి ఒక మాట ఉండేది. "ముందు పొయ్యిని అడుగు, తరవాత మనిషిని అడుగు." ఆ మాట నేను మొదటిసారి విన్నది పెరుగు దగ్గర. ఒక పుష్యమాసంలో పెరుగు తోడుకోలేదు. పాలు పోసే పాలమ్మి నీళ్ళు కలిపిందని అమ్మ ఖాయం చేసేసింది. రేపు రానీ, కడిగి పారేస్తానని ఉదయమంతా చీపురు చప్పుడుతో పాటు తిట్లూ వినిపించాయి. "ముందు పొయ్యిని అడుగుదాం" అంది దొడ్డమ్మ. ఆ సాయంత్రం పాలు తోడుపెట్టి, గిన్నెకి గోనెగుడ్డ చుట్టి, పొయ్యి గట్టు మీద బూడిద పక్కన పెట్టింది. మర్నాడు పెరుగు గరిటె దిగబడేలా తోడుకుంది. అవే పాలు, అదే పాలమ్మి. ఆ మనిషికి తన మీద నేరం పడిందనీ తెలీదు, పోయిందనీ తెలీదు. నవ్వుతూ పాలు పోసి వెళ్ళిపోయింది. మా దొడ్డమ్మ గొప్ప అక్కడుంది. ఆవిడ కాపాడిన వాళ్ళలో చాలామందికి తాము ఆపదలో ఉన్న సంగతే తెలిసేది కాదు.

కానీ నూకరాజు విషయం అలా గుట్టుగా పోలేదు. ఊరందరి ముందుకీ వచ్చింది.

పంతొమ్మిది వందల అరవైల నడిమిలో పెదనాన్నగారు ఒక పికప్పు వ్యాను కొన్నారు. మిలిటరీ వాళ్ళు వాడి వదిలేసిన బండి, విశాఖపట్నంలో వేలంలో దొరికింది. ముందు ఇద్దరు ముగ్గురు కూర్చునే చోటు, వెనక సరుకు వేసుకునే తొట్టి. అంతవరకూ దేవరాపల్లి వైపు పల్లెల నుంచి మా బెల్లం ఎడ్లబళ్ళ మీద వచ్చేది. దారిలో మంచుకి చెమ్మగిల్లి దిమ్మలు రంగు మారేవి. వ్యాను వస్తే ఆ బాధ ఉండదని పెదనాన్నగారి సంబరం. శివరాత్రి వెళ్ళాక ఇంటికి వచ్చింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం, గుమ్మడికాయ కొట్టాం. పెట్రోలు ఎంత ఉందో చూపించే ముల్లు ఎప్పుడో విరిగిపోయింది కనక, పెదనాన్నగారు ఒక వెదురుబద్ద చెక్కించారు. దాన్ని ట్యాంకులోకి దించి తీస్తే ఎంతవరకు తడిసిందో అంత పెట్రోలన్నమాట. చైత్రమాసంలో, ఉదయం నిండా నింపిన ట్యాంకుతో దేవరాపల్లి పోయి సరుకుతో తిరిగొచ్చిన బండిలో బద్ద దించి, తడి ఆగిన చోట చాకుతో గాటు పెట్టారు. "ఇది ధర్మగాటు. దీని కిందకి దిగిందంటే అధర్మం జరిగినట్టే" అన్నారు. ఆయన సరదా మనిషే. కానీ ఒకసారి గాటు పెడితే అది శిలాశాసనం.

డ్రైవరు నూకరాజుది రాంబిల్లి వైపు సముద్రపు ఒడ్డు ఊరు. తాతల నుంచీ వేటకెళ్ళే కుటుంబం. వీడికి మాత్రం పడవెక్కితే వాంతులు. "చేపకి నీళ్ళు పడకపోవడం నిన్నే చూసేనురా" అని పెదనాన్నగారు ఏడిపించేవారు. "అందుకే కదా బాబూ మీ రేవులో తేలేను" అనేవాడు వాడు. మంచి వాడు, మంచి చెయ్యి. ఒకటే పిచ్చి, షోకు. తలకి నూనె పట్టించి పాపిడి తీసి, మెడకి ఎర్ర చేతిరుమాలు కట్టి, మొహానికి పౌడరు అద్ది కానీ స్టీరింగు ముట్టేవాడు కాదు. మా ప్రాంతంలో పల్లె నోళ్ళలో మాట మొదట వచ్చే చకారాలూ షకారాలూ అన్నీ సకారాలే. అంచేత వీధిలో వాడి పేరు సోకుల్రాజు అయిపోయింది. ఈ చిన్న ముక్క గుర్తుపెట్టుకోండి. తరవాత వచ్చిన ముప్పంతా ఈ సకారం దగ్గరే వచ్చింది.

ఎండాకాలమంతా, రోజూ నిండు ట్యాంకుతో వెళ్ళొచ్చాక, బద్ద గాటు దగ్గరే తడిసింది. వానాకాలం బండి దాదాపు ఇంటిపట్టునే ఉంది. మార్గశిరం వచ్చింది, చెరకు గానుగలు మొదలయ్యాయి, బండి మళ్ళీ రోజూ దేవరాపల్లి దారి పట్టింది. అప్పుడు మొదలైంది. బద్ద గాటు దాకా తడవడం లేదు. ధనుర్మాసం వచ్చేసరికి మరీ కిందకి దిగిపోయింది. అదే దారి, అదే సరుకు, అదే డ్రైవరు. పెదనాన్నగారు కొన్నాళ్ళు ఊరుకున్నారు. ఒక సాయంత్రం కొట్టు ముందు, కాటాల దగ్గర మనుషులంతా ఉండగా బద్ద పైకి తీసి నూకరాజు మొహం ముందు పెట్టారు. నేను మేడ మీద కిటికీలోంచి చూస్తున్నాను.

"ఏట్రా ఇది?"

"సలికాలం కద బాబూ. సోకెక్కువైపోతంది" అన్నాడు వాడు మామూలుగా.

"ఏటెక్కువైపోతంది?"

"సోకండి. పొద్దుటపూట సోకు లేకపోతే కదల్దండి."

కాటాల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. పెదనాన్నగారి మొహం ఎర్రబడింది. "నీ సోకులకి నా పెట్రోలు కావలిసొచ్చిందా?"

"నా సోకు కాదు బాబూ, బండి సోకు."

"బండికి సోకేట్రా! దానికీ పౌడరద్దుతున్నావా?"

ఈసారి అందరూ నవ్వారు. నూకరాజు కంగారుపడిపోయాడు. వాడికి తనేం తప్పు మాట అన్నాడో అర్థం కాలేదు. "లాగుతాను కద బాబూ... లాక్కపోతే ఎలా మరి" అన్నాడు.

నవ్వు ఆగిపోయింది. లారీల దగ్గర తిరిగే వాళ్ళకి 'లాగడం' అంటే ఒకటే అర్థం. గొట్టం పెట్టి, నోటితో పీల్చి, ట్యాంకులో పెట్రోలు బయటికి లాగడం.

"ఎంత లాగుతున్నావు?" అన్నారు పెదనాన్నగారు, గొంతు బాగా తగ్గించి.

"మామూలుగా సగం లాగుతానండి. మంచెక్కువుంటే మొత్తం లాగేత్తాను."

అంత శుభ్రంగా నేరం ఒప్పుకున్న దొంగని మా వీధి ఎప్పుడూ చూసి ఉండదు. పెదనాన్నగారు బద్దని గోడకి ఆనించారు. "ఆదివారం పొద్దున్న అమ్మవారి గుడికి రా. కర్పూరం ఆర్పి, తియ్యలేదని చెప్పు. ఆర్పితే ఉండు. లేకపోతే తాళాలిచ్చి పో."

ఆ ఆనవాయితీ తెలియని వాళ్ళకి చెప్పాలి. మా నూకాలమ్మ అమ్మవారి ఎదుట కర్పూరం వెలిగించి, 'నేను ఆ తప్పు చెయ్యలేదు' అంటూ అరచేత్తో దాన్ని ఆర్పెయ్యాలి. అబద్ధమైతే ఆ ఇంటి దీపం అలాగే ఆరిపోతుందని నమ్మకం. నిజమైన వాడికి భయమెందుకని అంటారు కానీ, గుళ్ళో అలా నిలబడిన మనిషిని లోకం నిజమైన వాడిగా చూడదు. 'నిలబెట్టేదాకా వచ్చిందంటే ఏదో ఉండే ఉంటుంది' అంటుంది.

మర్నాడు ఉదయం నూకరాజు దొడ్డి గుమ్మం దగ్గరికి వచ్చాడు. ఆ రోజు మెడకి రుమాలు లేదు, పాపిడి లేదు. దొడ్డమ్మ గ్లాసుతో కాఫీ ఇచ్చి గడప ఇవతల పీట వేసుకుని కూర్చుంది. ఆవిడ వెనక నేను.

"నాను తియ్యలేదమ్మగారూ. నూకాలమ్మ తల్లి పేరెట్టుకున్నోణ్ణి. ఆర్పడానికి నాకు బయం లేదు."

"మరెందుకురా ఆ మొహం?"

"గుళ్ళో పెమానం సేసినోడి ఇంటోళ్ళని మా ఊర్లో ఎవుళ్ళూ పడవెక్కించుకోరమ్మా. సముద్రానికి కోపమొత్తాదంటారు."

"నీకెలాగూ పడవ పడదు కదరా!"

వాడికి ఏడుపులో నవ్వొచ్చేసింది. "నాకు పడదమ్మా. మా నాన్నా, తమ్ముళ్ళూ ఎక్కాల కద. ఆళ్ళేటి తింతారు?"

దొడ్డమ్మ నవ్వు ఆపేసింది. ఖాళీ గ్లాసు వాడి చేతిలోంచి తీసుకుని, మళ్ళీ కాఫీ నింపి ఇచ్చింది.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర పెదనాన్నగారికి మజ్జిగ పోస్తూ అంది. "అమ్మవారు మన గుమాస్తా కాదండీ."

ఆయన తలెత్తారు.

"మనం చూడాల్సిన సంగతి మనం చూడకుండా ఆవిడకి అప్పచెప్పడం ఏం భక్తి? కళ్ళూ చెవులూ ఇచ్చింది కదా తల్లి. అవి పనిచెయ్యని చోట కదూ ఆవిణ్ణి పిలవాలి?"

"వాడు లాగేనని వాడి నోటితో వాడే చెప్పేడు. ఇంకేటి చూస్తారు? ఎవరు చూస్తారు?"

"నేను చూస్తాను. రేపు వ్యానెక్కి దేవరాపల్లి వెళ్ళొస్తాను."

పెదనాన్నగారికి పొలమారింది. మా ఇళ్ళలో ఆడవాళ్ళు డ్రైవరు పక్కన కూర్చుని సరుకు బండిలో ఊరి మధ్యనుంచి పోవడం ఆ రోజుల్లో కని విని ఎరగరు. "ముందు సీట్లోనా? వీధిలో ఏటనుకుంటారు?"

"మధ్యలో బుల్లి కూర్చుంటుంది. వీధి అనుకునేది వీధి అనుకుంటుంది. ఆదివారం దాకా నాకు వదిలెయ్యండి. నేను చూసినా తేలకపోతే అప్పుడు అమ్మవారు ఉండనే ఉంది."

బుల్లి అంటే నేనే. అప్పటికి నాకు ఓణీలు వచ్చాయి. ఇల్లు దాటి అంతదూరం పోవడం అదే మొదలు.

తెల్లవారుతుండగా బయల్దేరాం. మంచులో వ్యాను వానలో తడిసిన దున్నపోతులా నిలబడి ఉంది. నూకరాజు బండి ముందు వైపు హేండిలు దూర్చి ఇంజను తిప్పాడు. లేవలేదు. లోపలికి వచ్చి, స్టీరింగు కింద ఒక నల్లటి పిడి బయటికి లాగి, మళ్ళీ వెళ్ళి తిప్పాడు. ఈసారి బండి నిలువెల్లా వణికి, గుప్పున పొగ కక్కి లేచింది. ఆ పచ్చి పెట్రోలు వాసన నేను మొదటిసారి పీల్చింది అప్పుడే.

"ఏట్రా ఆ లాగింది?" అంది దొడ్డమ్మ.

"ఇదేనమ్మా సోకు."

దొడ్డమ్మ నా మొహం చూసింది, నేను ఆవిడ మొహం చూశాను. "మళ్ళీ చెప్పు."

"సోకమ్మా. మా మేస్త్రి చోక్ అనీవోడు. మన నోటికి సోకే వత్తాది. ఇది లాగితే ఇంజిన్లోకి గాలి తగ్గిపోద్ది, పెట్రోలెక్కువెల్తాది. ఏడెక్కినదాకా ఇలాగుంచాల. సల్లగున్నప్పుడు పెట్రోలు సరిగ్గా అంటుకోదు కదమ్మా."

దొడ్డమ్మ నవ్వింది. కొంగు నోట్లో కుక్కుకుని, కళ్ళవెంట నీళ్ళు వచ్చేలా నవ్వింది. "నీ నోటికి చకారం లేదు, ఆయన చెవికి ఓపిక లేదు. మధ్యలో అమ్మవారికి పని పడింది!" నేనూ నవ్వాను. ఇంక వెనక్కి తిరిగి ఇంటికి పోయి చెప్పేస్తే సరిపోతుందనుకున్నాను. ఆవిడ కళ్ళు తుడుచుకుని, "మాట తేలింది, పెట్రోలు తేలలేదు. బండి పోనీరా" అంది. ఆవిడ నాకు నేర్పిన పాఠాలన్నిట్లోనూ ఇది పెద్దదని ఇప్పటికీ అనుకుంటాను. ఒక ముడి వీడితే అన్నీ వీడినట్టు కాదు.

ముందు విష్ణాలయం దగ్గర ఆగాం. ధనుర్మాసమంతా దొడ్డమ్మ మొక్కుగా దద్దోజనం చేసి పంపేది. వ్యాను ఎలాగూ ఆ దారినే పోతుంది కదా అని గిన్నె అందులోనే వెళ్ళేది. ఆరగింపు అయి, గిన్నె తిరిగి వచ్చేదాకా బండి గుడి ముందు ఆగి ఉండాలి. ఆగి ఉంది కానీ ఇంజను ఆగలేదు. గుడగుడమంటూ, పిడి బయటికే ఉండి, పొగ వదులుతూనే ఉంది.

"ఆపెయ్యరాదట్రా?"

"ఆపితే మళ్ళీ సల్లారిపోద్దమ్మా. మళ్ళీ హేండిలు, మళ్ళీ సోకు. అప్పుడింకా తాగేత్తాది."

"రోజూ ఇంతసేపూ ఇలాగేనా?"

"రోజూనమ్మా. తమరి దద్దోజనం దిగి గిన్నొచ్చినదాకా."

దొడ్డమ్మ గుడి వైపు చూస్తూ ఉండిపోయింది. లోపల గంట మోగింది. చెంపలు వేసుకుంది.

ఊరి చివర మస్తాన్ సాయిబు సైకిలు షాపు దగ్గర టైర్లకి గాలి పట్టించాం. "నిన్న మజ్జానం కొట్టిందే కదా, ఎక్కడికి పోయింది?" అంది దొడ్డమ్మ. సాయిబు చక్రాన్ని బొటనవేలితో నొక్కి, "ఎక్కడికీ పోలేదమ్మా. చలికి మనం దుప్పట్లో ముడుచుకోమా, గాలీ అంతే. మెత్తబడ్డ చక్రాన్ని దొర్లించాలంటే బండికి ఆయాసం" అన్నాడు. తరవాత దారంతా పొగమంచు. దీపాలు వేసుకుని నత్తలా నడిచాం. గేరు మార్చడానికి నూకరాజు పళ్ళు బిగించి పుల్ల లాగుతుంటే, దొడ్డమ్మ చెయ్యి చాపి తనూ పట్టుకు చూసింది. "ఇసుర్రాయిలా ఉందేట్రా!" "లోపల నూని బిగిసిపోయుంటాదమ్మా. దూరం పోతే లూజవుద్ది." ఆవిడ నా జడ పట్టుకుని చిన్నగా లాగింది. అంతకుముందు రోజే నేను సీసాలో నూనె కరగలేదని విసుక్కుంటే పొయ్యి పక్కన పెట్టి ఇచ్చింది. చెప్పకుండానే నాకు అర్థమైంది.

గానుగ దగ్గర బెల్లం వండే ఆడవాళ్ళు చెరకురసం తాగడానికి దిగమని బతిమాలారు. "సావుకారమ్మ వత్తే దిగకుండా పోతాదేటి!" అని నిష్ఠూరమాడారు. ఆవిడ సీటు దిగలేదు. రసం చెంబు కిటికీలోంచే అందుకుంది. తిరిగి కొట్టు ముందు ఆగేదాకా ఆ బండి ఆవిడ కళ్ళముందు నుంచి కదల్లేదు. పెదనాన్నగారు బద్ద దించారు. గాటుకి ఎంతో కిందే తడిసింది.

"ఏం? ఇవాళ కూడా లాగేడా?" అన్నారు.

"లాగేడండీ. నా కళ్ళతో చూశాను" అంది దొడ్డమ్మ గంభీరంగా. నూకరాజు ప్రాణం పైకి పోయి కిందకి వచ్చింది. "రేపు కూడా వెళ్తాం. రేపు ఎండెక్కాక."

మర్నాడు బండిని ఎండలో పెట్టించింది. దద్దోజనం గిన్నె అందులో ఎక్కలేదు. టైర్లకి గాలి పట్టించి, రోడ్డు మీద మంచు విడిపోయాక బయల్దేరాం. నల్లటి పిడి కాసేపే బయటికి వచ్చి లోపలికి పోయింది. గేరు పుల్ల మాట విన్నది. అదే దారి, అంతే సరుకు. సాయంత్రం బద్ద తీస్తే తడి గాటుని పూర్తిగా అందుకోలేదు కానీ, దానికి వేలెడు కింద దాకా వచ్చింది. పెదనాన్నగారు బద్దని వెలుగులో పెట్టి అటూ ఇటూ తిప్పి చూశారు.

"దొంగలు దొరికేరండీ" అంది దొడ్డమ్మ. కాటాల దగ్గర మనుషులు అందరూ ఉన్నారు. ఆవిడ ఎప్పుడూ కొట్టు ముందుకి వచ్చి మాట్లాడిన మనిషి కాదు. ఆ రోజు మాట్లాడింది. "ఒకడు కాదు. చలి పెద్ద దొంగ. లాంతరు వత్తి పెంచితే కిరసనాయిలు ఎక్కువ తాగి వెలుగు తక్కువిస్తుంది చూడండి, పొద్దున్నే ఇంజను అలా తాగుతోంది. నూనె బిగుసుకుంటుంది, గాలి ముడుచుకుంటుంది, మంచులో బండి పాకుతుంది. అందరికన్నా ముందు గానుగకి చేరాలని చీకటితో తోలించే మీ తొందర రెండో దొంగ. గుడి ముందు ఇంజను ఆపకుండా బండిని నిలబెట్టిన నా దద్దోజనం మూడో దొంగ."

ఆవిడ పెదనాన్నగారి చేతిలో ఉన్న బద్ద వైపు చూపించింది.

"ఇంక మీ ధర్మగాటు. అది ఎండల్లో పుట్టింది. దానికి చలి సంగతేం తెలుసు? తెలియని దాన్ని సాక్షికి పిలిచి, వీణ్ణి గుడికి రమ్మన్నాం." అప్పుడు సోకు అంటే ఏమిటో చెప్పింది. నూకరాజుని పిలిచి ఆ పిడి లాగి చూపించమంది. సగం లాగితే ఇంత, మొత్తం లాగితే ఇంత.

పెదనాన్నగారు అభిమానం గల మనిషి. అందరి ముందూ భార్య చెప్పిన మాట. ఆయన మెల్లగా మొలలోంచి చాకు తీసి, దొడ్డమ్మ వెళ్ళిన మొదటి రోజు తడి ఆగిన చోట, పాత గాటు కింద ఇంకో గాటు పెట్టారు. "ఇది చలిగాటు" అన్నారు. లోపలికి వెళ్ళిపోయారు.

కానీ మాట ఊళ్ళో పడిపోయింది కదా. ఆదివారం అమ్మవారి గుడి దగ్గర చూద్దామని వచ్చిన వాళ్ళు తక్కువేం కాదు. రాంబిల్లి నుంచి నూకరాజు తండ్రి వచ్చి ఒక మూల నిలబడ్డాడు, చేతిలో తలపాగా నలుపుకుంటూ. పెదనాన్నగారు నూకరాజుని తన పక్కన నిలబెట్టుకున్నారు. పళ్ళెంలో కర్పూరం పెట్టి తన చేత్తోనే వెలిగించారు. నూకరాజు అరచెయ్యి ముందుకి వచ్చింది. ఆయన ఆ చెయ్యి పట్టుకుని ఆపేశారు.

"ఆర్పేది లేదు. వీడి తప్పు లేదు. నా చెవి తప్పు" అన్నారు, మూలన ఉన్న ముసలాయనకి వినిపించేలాగ. వాడి చెయ్యి వదలకుండా, కర్పూరం తనంతట తాను కాలి, నీలంగా చిన్నదై, ఆరిపోయేదాకా నిలబడ్డారు. ఆడవాళ్ళ వరసలో దొడ్డమ్మ కళ్ళు మూసుకుని ఉంది. నేను మాత్రం కళ్ళు తెరిచే ఉన్నాను. ఆ రోజు అమ్మవారి కన్నా మా దొడ్డమ్మనే ఎక్కువ చూశాను. తల్లి ఏమీ అనుకోదని నా నమ్మకం.

బయటికి వచ్చాక పెదనాన్నగారు గొంతు సవరించుకున్నారు. "ఏరా సోకుల్రాజూ, బండి తియ్యి."

"సోకు లాగమంతారా బాబూ?" అన్నాడు వాడు, వినయంగా.

"లాగరా. కావలిసినంత లాగు!"

గుడి ముందు లేచిన ఆ నవ్వులో ముసలాయన నవ్వు అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చింది, అన్నిటికన్నా ఆలస్యంగా ఆగింది. తలపాగా మళ్ళీ తలకి చుట్టుకున్నాడు.

మర్నాటి నుంచి దొడ్డమ్మ దద్దోజనం గిన్నె తనే పట్టుకుని విష్ణాలయానికి నడిచి వెళ్ళింది, చలిలో, శాలువా కప్పుకుని. వెంట నేను. "మొక్కు నాది, నడక బండిదా?" అనేది. దారిలో మమ్మల్ని దాటి పోయేటప్పుడు నూకరాజు మెడలో ఎర్ర రుమాలు మళ్ళీ కనపడేది. దొడ్డమ్మ చూసి, "వీడి సోకు తగ్గలేదే" అని మురిసిపోయేది.

నేను బడిలో చదువుకోలేదని ఎవరైనా జాలిపడితే నాకు నవ్వొస్తుంది. తరవాతి కాలంలో మా వీధి ఆడపిల్లలకి నేను కూడా పీట మీద పిండి పరిచి అక్షరాలు దిద్దించాను. వాళ్ళలో కొందరు పెద్ద చదువులు చదివారు. వాళ్ళకి నేను ఇచ్చిందంతా ఆవిడది. ఇంట్లో ఏదైనా తగ్గినా, పాడైనా, పోయినా, ఇప్పటికీ నా నోటికి ఒక మనిషి పేరు రాబోతుంది. అది నాలిక చివరికి వచ్చి ఆగుతుంది. ముందు పొయ్యి దగ్గరికి వెళ్తాను. వాతావరణం చూస్తాను, గిన్నె చూస్తాను, నా తొందర చూస్తాను. చాలాసార్లు ఆ పేరు పలకాల్సిన అవసరమే రాదు. అలా పలక్కుండా మిగిలిన పేర్లన్నీ ఆవిడ ఖాతాలో పుణ్యమే.

అరచేతుల్లో సీసా వెచ్చబడింది. నూనె అంచుల్లో కరిగి, మధ్యలో తెల్లటి ముద్ద ఊగుతోంది. తలకి రాసుకుని, స్నానం చేసి, దేవుడి గదిలో కర్పూరం వెలిగించాను. వంటింట్లో పనులు అలాగే ఉన్నాయి. అయినా కర్పూరం నీలంగా చిన్నదై తనంతట తాను ఆరేదాకా అక్కడే నిలబడ్డాను.